సెర్చ్‌లో దొరికిన పేరు

ఎల్బీనగర్‌లోని ఆ ఇంట్లో జ్యోతిక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుంటే, భర్త తిరుపతి ఫోన్ చూస్తూ పైకి చదివాడు.

"'ఉప్పెక్కువైతే మా ఆయన తిట్టడు. రోజుల తరబడి మాట్లాడడు. అప్పుడు ఇంట్లో నేను లేనట్టే ఉంటుంది.' ఎవలు రాసిన్రు ఇది?"

అవి ఆమె మాటలే. ఆడవాళ్ల ఆన్‌లైన్ ఫోరంలో 'అజ్ఞాత సభ్యురాలు'గా రాసుకున్నవి.

"దిల్‌సుఖ్‌నగర్ల నా చెల్లె పంపింది. సెర్చ్‌ల నీ పేరు కొడితే గిదే ఒచ్చిందంట. ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"ఇంట్ల ముచ్చట ఊరందరికి చెప్తరా బిడ్డా?" అంది అత్త సుమిత్రమ్మ.

జ్యోతిక గదిలోకి వెళ్లి తన పేరు కొట్టి చూసింది. నిజమే. ఫోరంలోనే స్నేహమైన కర్మన్‌ఘాట్ నాగేశ్వరి పేరు కొట్టింది. 'ఆయనకు తెలియకుండా కిరాయి గది చూసుకున్నాను. దొరికితే చంపేస్తాడు' అన్న పోస్టు వచ్చింది. అది ఎవరిదో తెలియకుండానే అప్పట్లో దానికి ధైర్యం చెబుతూ జవాబు రాసింది తను.

ఫోరం నడిపే మురళీకృష్ణకు ఫోన్ చేసింది.

"పేరు దాచే ప్లగిన్‌లో లోపమండీ. దాన్ని తయారుచేసినవాళ్లు సరిచేసి పంపుతామన్నారు. ఈలోగా సభ్యులెవరికీ చెప్పకండి, కంగారు పడతారు."

"కంగారు పడాల్సింది వాళ్లే గద సార్. చెప్పకుంటె ఎట్ల?"

"మీరేదో ఊరికే సాయం చేస్తున్నారు మేడమ్. పెద్దది చేయకండి."

ఊరికే. ఇంట్లోనూ అదే మాట. వంట, బట్టలు, అత్తను దవాఖానకు తీసుకెళ్లడం, అన్నీ అయ్యాక కూడా 'ఇంట్ల ఊరికెనే ఉంటవ్ గద' అంటాడు తిరుపతి. గిన్నెలు తోమాక కూర్చుని ఫోరంలోకి వచ్చే బూతు మెసేజ్‌లు తీసేసేది తనే. అదీ ఊరికేనే. కానీ పోస్టులు దాచే అధికారం మాత్రం తన చేతిలో ఉంది.

ముందు నాగేశ్వరికి ఫోన్ చేసింది. "అక్కా, పక్కన ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వల్లేరు."

"అయితే జర గుండె దిటవు చేసుకొని విను."

తర్వాత అజ్ఞాత పోస్టులన్నీ దాచేసి, జరిగింది జరిగినట్టు సభ్యులందరికీ తెలిపింది.

తిరుపతి గుమ్మంలోకి వచ్చాడు. "తీసేసినవా?"

"అందరియి దాచిన. నాది ఉంచిన."

"ఎందుకు?"

"దాంట్ల అబద్ధం ఏడుందో చూపియ్యి. ఇప్పుడే తీసేస్త."

అతను ఫోన్ జేబులో పెట్టుకుని గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. జ్యోతిక 'అజ్ఞాత సభ్యురాలు' అన్న మాట చెరిపేసి, అక్కడ తన పేరు రాసింది.