గీత మీద మొలిచిన బూజు

ఆ ఆసుపత్రి ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడని అందరూ బూజక్క అనే పిలుస్తారు. రోగుల కఫాన్ని గాజు పళ్లేల్లో గీతలా పూసి, అందులో ఏ బూజు మొలుస్తుందో చూసి చెప్పడం ఆవిడ పని. ఆ పేరుకి ఆవిడేమీ నొచ్చుకోదు. పేరు పెట్టినవాళ్లే రిపోర్టు కోసం కిటికీ దగ్గర పడిగాపులు కాస్తారు మరి!

అయితే కిందటి నెల ఆవిడకి తల కొట్టేసినంత పనైంది. గాల్లోంచి పళ్లెంలో పడిన బూజుని రోగి ఊపిరితిత్తుల్లోదని రాసిచ్చింది. ఐసీయూ పెద్ద డాక్టరు, అందరూ చాటున చిటపటల డాక్టరు అనుకునే ఆయన, అది నమ్మి మందు మొదలుపెట్టాడు. ఆ మందుకి రోగి లివరు దెబ్బతినబోయి వెంట్రుకవాసిలో తప్పింది. అప్పట్నుంచి ఆవిడ బూజు అని రాస్తే చాలు, ఆయన కాగితం పక్కన పడేస్తున్నాడు.

ఇప్పుడు ఐసీయూ నాలుగో మంచం మీద ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. ఫ్లూ జ్వరంతో వచ్చి వెంటిలేటరు మీదికి వెళ్లి పదకొండు రోజులైంది. యాంటీబయాటిక్కులు మార్చి మార్చి వాడుతున్నా జ్వరం దిగదు, ఊపిరి కుదుటపడదు. రెండ్రోజుల కిందట అతని కఫం పూసి పెట్టిన పళ్లెం మంగళవారం ఉదయం బూజక్క చేతికొచ్చింది. అందులో బూడిదాకుపచ్చ బూజు. మళ్లీ నిందలెందుకులే అనుకుని, పారేద్దామని చెత్తడబ్బా మూత కాలితో తొక్కింది కూడా. పడెయ్యడానికి మాత్రం మనసొప్పలేదు.

పళ్లెం వెలుతురుకి పెట్టి చూసింది. గాల్లోంచి పడిన బూజు ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. ఇది మాత్రం తను కఫం పూసిన వంకర గీత వెంటే, బుద్ధిగా వరస కట్టి మొలిచింది. అంటే కఫంలోంచే వచ్చింది. కిందటి నెల ఈ ఒక్కటీ చూడకుండానే సంతకం పెట్టేసింది మహాతల్లి.

ఫోను చేస్తే పని కాదని ఆవిడకి తెలుసు. పళ్లెం మూత టేపుతో బిగించి, డబ్బాలో పెట్టుకుని మూడంతస్తులు ఎక్కింది.

"మళ్లీనా? మీకో దండం" అన్నాడు చిటపటల డాక్టరు.

"దండం తర్వాత పెడుదురుగాని, ముందు ఇది చూడండి. గీత మీదే ఉంది."

"పోయిన నెలా ఇలాగే ఉందన్నారుగా."

"పోయిన నెల తప్పు నాదే డాక్టరుగారూ. గీత చూడలేదు. ఇవాళ చూశాను. మందివ్వమని అడగట్లేదు. ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి కడిగి, ఆ నీళ్లు నాకు పంపించండి. వాటిల్లో లేకపోతే మళ్లీ మీ గుమ్మం తొక్కను."

ఆయన పళ్లెం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంకేమని కోప్పడతాడు? "మధ్యాహ్నానికల్లా పంపిస్తాను" అన్నాడు.

ఆ నీళ్లలో మైక్రోస్కోపు కింద కొమ్మలు చాచిన బూజు పోగులు కనిపించాయి. ఆ నీళ్లలోనే బూజు ఆనవాళ్లు వెతికే రెండో పరీక్షా అదే చెప్పింది. సాయంత్రానికే డ్రైవరుకి మందు ఎక్కించడం మొదలైంది. ఆ తర్వాత పది రోజులూ బూజక్క ఏదో ఒక వంకతో ఐసీయూ నర్సుకి ఫోను చేస్తూనే ఉంది.

"జ్వరం దిగిందా?"

"దిగింది."

"ఆక్సిజను తగ్గించారా?"

"తగ్గించాం తల్లీ, ఇక పెట్టెయ్."

పదకొండోనాడు డాక్టరే ల్యాబుకి దిగొచ్చి, "రండి, వెంటిలేటరు గొట్టం తీసేశాం" అని ఆవిడని పైకి లాక్కెళ్లాడు.

డ్రైవరు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన అతని భార్య ఉంది. "మీ ఊపిరితిత్తుల్లో బూజుందని కనిపెట్టింది ఈవిడే" అన్నాడు డాక్టరు.

డ్రైవరు గొంతు బొంగురుపోయి ఉంది. "మా ఆవిడ ఇరవయ్యేళ్లుగా నా బుర్రకే బూజు పట్టిందంటోందండీ. అసలు చోటు ఆవిడకీ తెలీలేదన్నమాట."

నవ్వకుండా ఉండటం ఎవరి తరం? భార్య నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. బూజక్క చెయ్యి పట్టుకుని భర్త గుండెల మీద ఆనించింది. అరచేతి కింద ఆ ఛాతీ ఏ యంత్రమూ తోయకుండా తనంతట తనే పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఇన్నేళ్లలో ఆవిడ వేలమంది కఫం చూసింది గానీ, ఒక్కరి ఊపిరైనా చేత్తో తాకి ఎరగదు. సంతోషం పట్టలేకపోయింది. కళ్లు తుడుచుకోవాలనే ఉంది గానీ, ఆ చెయ్యి తీయబుద్ధి కాలేదు.