ఎన్ని పంటల దాకా

పాస్కోల్ పొగాకు మొక్కలకు తలలు తుంచుతుంటే వెంట్రిస్ దొర నుంచి కబురొచ్చింది. రేవులో ఓడ ఆగింది, అంగోలా మనుషులు దిగారు, వాళ్ల మాట ఎవరికీ తెలియడం లేదు, వెంటనే రమ్మని.

"వెళ్లకపోతే ఏం?" అంది భార్య సుసన్నా.

"ఇరుగు పొరుగు వాళ్లం. ఊరికే కాదనడం బావుండదు," అని చేతుల జిగురు కడుక్కుని పడవెక్కాడు.

ముప్పై ఏళ్ల కిందట తనూ అలాంటి ఓడలోనే వర్జీనియాకు వచ్చాడు. ఈ దొర తండ్రి కొన్నాడు. ఆ ముసలాయన ఆదివారాలు సొంతంగా ఆవుల్ని పెంచుకోనిచ్చాడు. పదమూడేళ్లు పెంచి, అమ్మి, ఆ సొమ్ముతో పాస్కోల్ తన్ను తాను విడిపించుకున్నాడు. సుసన్నానీ అలాగే విడిపించాడు. ఇప్పుడు వాగుకు ఇవతల సొంత చేను, పధ్నాలుగు ఆవులు, ఇద్దరు కూతుళ్లు.

రేవులో నలుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. దొర టోపీతో విసురుకుంటున్నాడు.

"తిండి పెడతాను, కొట్టను, చేలో పని చేయాలని చెప్పు," అన్నాడు.

పాస్కోల్ తన చిన్ననాటి అంగోలా భాష కింబుందులో చెప్పాడు. ఆ మాటలు నోట్లోకి వచ్చి చాలా కాలమైంది, తడబడ్డాడు. వాళ్లలో ఒకడు, మెడ మీద మచ్చ ఉన్నవాడు, చటుక్కున తలెత్తాడు.

"నీ మాట లుకాలా ఏటి అవతలి మాటలా ఉందే. ఎవరి బిడ్డవు?"

పాస్కోల్ తన వాళ్ల పేర్లు చెప్పాడు. వాడి పేరు కసండ అట. వాడి ఊరు తమ ఊరికి రెండు రోజుల నడక.

"పెద్దాయనా, ఈయన దగ్గర ఎన్ని పంటలు చేయాలి?" అని అడిగాడు కసండ.

పాస్కోల్ దొర వైపు తిరిగాడు. "ఎన్నేళ్లని అడుగుతున్నాడయ్యా."

"ఏళ్ల మాటెందుకు? అదేమీ లేదు."

"మీ నాన్నగారు నాకు..."

"మా నాన్న రోజులు వేరు, పాస్కోల్," అన్నాడు దొర. ఆ గొంతులో కోపం లేదు. చేలో నీళ్ల సంగతి మాట్లాడుతున్నట్టే ఉంది. "నువ్వు పోతే ఇంకొకణ్ణి తెచ్చుకునేవాడు. ఏటా ఓడ నిండా ఇంగ్లీషు కుర్రాళ్లు దిగేవాళ్లు. ఓడ ఖర్చు కింద ఐదేళ్లు చాకిరీ చేసేవాళ్లు. ఇప్పుడు అక్కడే కూలి పెరిగింది, ఎవడొస్తాడు? వచ్చినవాడు ఐదేళ్లు కాగానే నా పక్కనే చేను వేసి నాకే పోటీ. పొగాకు ధర చూశావుగా. వీళ్లయితే ఉండిపోతారు. వీళ్ల పిల్లలూ ఉంటారు."

"పిల్లలు కూడానా?"

"తల్లి ఎలాగో బిడ్డా అలాగే. చట్టం అయిందిగా."

పాస్కోల్‌కి తన పెద్ద కూతురు పుట్టిన ఏడు గుర్తొచ్చింది. సుసన్నా విడుదలైన మరుసటి ఏడు. ఒక్క ఏడాది తేడా.

కసండ ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఏదో ఒక లెక్క చెప్పేస్తే సరిపోతుంది, అందరూ లేచి నడుస్తారు. కానీ తమ ఏటి మాటలో వాడికి అబద్ధం చెప్పలేకపోయాడు.

"లెక్క లేదు తమ్ముడూ. బతికినన్నాళ్లూ," అన్నాడు.

"నువ్వు బయటపడ్డావు కదా," అన్నాడు కసండ.

"నాకు దారి ఉండేది. మూసేశారు."

వాడు పక్కవాళ్లకు చెప్పాడు. ఆడవాళ్లలో ఒకావిడ మొహం తిప్పుకుంది.

ఆ పై నెలలో పాస్కోల్ ఒక పెయ్యను తోలుకుని దొర దగ్గరికి వెళ్లాడు. "కసండ పెంచుకుంటాడయ్యా, ఆదివారాలు. ఎప్పటికైనా మీకు తన వెల తాను కట్టుకుంటాడు."

దొర నవ్వాడు. "కట్టి వెళ్లిపోతే ఆ డబ్బుతో ఎవణ్ణి కొనను? నీ పెయ్యను నువ్వు తోలుకుపో."

పాస్కోల్ తోలుకొచ్చేశాడు. ఆ వారమే కచేరీకి వెళ్లి, తమ నలుగురూ స్వతంత్రులని చెప్పే కాగితాలు మళ్లీ రాయించాడు. "పాతవి బాగానే ఉన్నాయిగా, ఎందుకు డబ్బు దండగ?" అన్నాడు గుమస్తా. "ఉండనీయండి బాబూ, ఇంకోటి," అన్నాడు పాస్కోల్.

మూడేళ్లు తిరిగేసరికి వెంట్రిస్ దొర ఇంకో పదకొండు మందిని కొన్నాడు. ఐదేళ్ల చాకిరీ కుర్రాళ్లుండే పాకలో ఇంగ్లీషు మాట వినపడడం మానేసింది. పాస్కోల్ ఆదివారాలు వెళ్లి కసండతో కూర్చునేవాడు. ఒకరోజు వస్తుంటే, ఊరికి కొత్తగా వచ్చిన ఒక తెల్లవాడు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరి మనిషివిరా నువ్వు?"

కాగితం చూపిస్తే తలకిందులుగా పట్టుకుని చూసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చెబితే సుసన్నా పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే అంది. "మేరీలాండ్‌లో కౌలుకు భూమి ఇస్తున్నారట. పిల్లలు పెళ్లీడుకొచ్చేలోగా పోదామయ్యా."

మార్చిలో బయల్దేరారు. ఆవుల్ని దారిలోని ఇంకో వాగు దాటించడానికి ఒక మనిషి కావాలంటే దొర కసండను పంపాడు. బేరమేమీ ఆడలేదు. ఇద్దరూ నడుంలోతు చల్లటి నీళ్లలో దిగి ఒక్కో ఆవునూ తోలారు. తమ ఊళ్లో ఆవుల్ని ఎలా పిలుస్తారో అలాగే పిలిచాడు కసండ. పాస్కోల్ ఆ పిలుపు మర్చిపోయాడు. వాణ్ణి అడిగి మళ్లీ నేర్చుకున్నాడు.

ఆఖరి ఆవు గట్టెక్కాక కసండ చొక్కా పిండుకున్నాడు.

"పొద్దు వాలకముందే పో అన్నా. పిల్లలు జాగ్రత్త," అన్నాడు, మళ్లీ నీళ్లలోకి దిగుతూ.