మూడున్నర లీటర్లు

ఇరవై ఒకటి పాయింటు రెండు.

అతను కాల్‌క్యులేటర్‌లో అంకె చెరిపేసి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే వచ్చింది.

ఆదివారం పొద్దున. పెట్రోలు బంకులో భార్య చిన్న కారు పక్కన నిలబడి ఉన్నాడతను. ఒక కొరియర్ కంపెనీలో నూట పది బళ్ళకి సూపర్‌వైజరు. లీటరు మీద ఎక్కువ దూరం ఎలా నడపాలో డ్రైవర్లకి నేర్పడమే ఉద్యోగం. ఒక్క చుక్క వృథా అయినా ఊరుకోడని డ్రైవర్లు అతనికి ‘చుక్క సార్’ అని పేరు పెట్టారు. వెటకారానికే పెట్టారుగానీ, ఆ పేరు వింటే అతనికి లోలోపల మురిపెమే.

భార్య ల్యాబ్ టెక్నీషియన్. తెల్లారగానే ఇళ్ళకి వెళ్ళి రక్తం శాంపిళ్ళు తీసి ల్యాబుకి చేరవేస్తుంది. కారు ఆమెదే, కానీ ట్యాంకు నింపించేది మాత్రం అతను. కారులో పెట్రోలు ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోయి ఏడాది దాటింది. బాగుచేయిద్దామండీ అని ఆమె ఎన్నిసార్లన్నా, “నా లెక్క ఉండగా ముల్లెందుకు?” అనేవాడు.

ఆ లెక్క ప్రకారం ఆమె చేతిలో కారు లీటరుకి పద్నాలుగు కిలోమీటర్లు. ఆరేళ్ళుగా పద్నాలుగే. నెల క్రితం పదహారైంది. ఆ తర్వాత పద్దెనిమిదిన్నర. ఇవాళ ఇరవై ఒకటి దాటింది. అదే కారుని అతను ఎంత ఒడుపుగా నడిపినా ఇరవై పాయింటు నాలుగుకి మించలేదు.

“ఏంటి బావా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?” పక్క సీట్లోంచి బావమరిది తల బయటికి పెట్టాడు.

అతను అంకె చెప్పాడు.

“అయితే అక్క చెయ్యి తిరిగిందన్నమాట. పార్టీ ఇవ్వు.”

“మీ అక్కా? మీ అక్క చేతిలో బండి పెట్రోలు తాగదురా. పుక్కిలించి ఉమ్మేస్తుంది.” చుట్టాల ముందు వందసార్లు వేసిన జోకే.

బావమరిది నవ్వలేదు. “అక్క కాకపోతే ఇంకెవరు బావా? నీకంటే బాగా నడిపేవాడెవడో దొరికాడేమో చూసుకో.”

ఊరికే అన్నాడు. అనేసి ఫోను చూసుకోవడంలో పడ్డాడు. కానీ ఆ మాట అతని చెవిలోంచి కిందికి దిగి కడుపులో కూర్చుంది.

కారెక్కి కాళ్ళు చాపాడు. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. వస్తున్నప్పుడు గమనించలేదుగానీ, ఇప్పుడు తెలిసింది. ఆమె పొట్టి మనిషి. స్టీరింగుకి అతుక్కుని కూర్చుంటుంది. ఈ కారెక్కినప్పుడల్లా సీటు వెనక్కి తోసుకోకపోతే అతని మోకాళ్ళు పట్టేవి కావు. ఇవాళ సీటు ముందే కొంత వెనక్కి జరిగి ఉంది.

టైర్లలో గాలి చూపించాడు. నాలుగింట్లోనూ సమానంగా ముప్ఫై మూడు. డిక్కీ తెరిచాడు. ఏళ్ళ తరబడి అందులో మూలుగుతున్న పాత సామాను, ఇనుప మడతకుర్చీ, ఏవీ లేవు. బరువు తగ్గించడం, గాలి సరిచూడటం, సీటు సర్దుకోవడం. ఇది పనితెలిసినవాడి పద్ధతి. మగవాడి పద్ధతి అని కూడా అనుకున్నాడు, ఆ క్షణాన.

సోమవారం సాయంత్రం వాచ్‌మన్‌ని పక్కకి పిలిచాడు.

“మేడం ఎన్నింటికొస్తారు?”

“ఒంటిగంటకే వచ్చేస్తారు సార్. కింద పార్కింగులో కారాపి, కాసేపు అందులోనే కూర్చుని పైకెళ్తారు.”

“ఒక్కతేనా?”

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. “నేను దగ్గరికెళ్ళి చూళ్ళేదు సార్. అద్దాలు వేసుంటాయి. కానీ ఎవరో సారు మాట్లాడుతున్నట్టు గొంతు వినబడుతుంది. పెద్దమనిషే సార్, చాలా మర్యాదగా మాట్లాడతారు. మేడం నవ్వుతుంటారు.”

నవ్వుతుంది. ఇంట్లో ఆమె నవ్వు విని ఎన్నాళ్ళైందో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. ఆ మర్యాదస్తుడి మీద కసి రెట్టింపైంది. వాడికి నా భార్యా కావాలి, నా ఇరవై పాయింటు నాలుగూ కావాలి.

అడిగితే ఆమె కాదంటుంది. వెంటపడితే పసిగడుతుంది. అతనికి తెలిసిన విద్య ఒక్కటే. ఉచ్చు దాంతోనే పన్నాడు.

మంగళవారం సాయంత్రం టైర్లు మార్చి వేయించుకొస్తానని చెప్పి కారుని ఇంటి వెనక వీధిలోనే ఉన్న కంపెనీ షెడ్డుకి తీసుకెళ్ళాడు.

“ట్యాంకు మొత్తం తోడెయ్. చివరి చుక్కదాకా,” అన్నాడు మెకానిక్కుతో.

“ఏమైంది సార్, నీళ్ళేమన్నా కలిశాయా?”

“అలాంటిదే.”

ఖాళీ ట్యాంకులో కొలిచి మూడున్నర లీటర్లు పోశాడు. ట్రిప్ మీటరు సున్నా చేశాడు. లెక్క తేలిక. బుధవారాలు ఆమె ఊరి చివరి కాలనీలన్నీ తిరిగి ల్యాబుకి చేరేసరికి యాభై ఎనిమిది కిలోమీటర్లు. ఆమే నడిపితే లీటరుకి పద్నాలుగు చొప్పున నలభై తొమ్మిది దగ్గర బండి ఆగిపోవాలి. వాడు నడిపితే ల్యాబు దాకా దర్జాగా పోతుంది. బండి ఆగిందా, భార్య మంచిది. ఆగలేదా, వాడున్నాడు.

ట్యాంకులోని పెట్రోలు పంపు ఎండితే కాలిపోతుందని డ్రైవర్లని తిట్టే మనిషి తనే. ఆ సంగతి గుర్తొచ్చినా పట్టించుకోలేదు.

బుధవారం పొద్దున ఆరింటికి ఆమె తాళం తీసుకుంటూ అడిగింది. “పెట్రోలు చూసుకోనక్కర్లేదుగా?”

“ఆదివారమే ఫుల్ చేయించాగా.”

పది గంటలైంది. ఆఫీసులో అతని కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. ఈపాటికి ఆగిపోవాలి. ‘ఏమండీ, బండి కదలట్లేదు’ అని ఫోను రావాలి. క్యానుతో పరిగెత్తుకెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు. తిట్టకూడదని, దారిలో కాఫీ కూడా ఇప్పించాలని అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆమె చెత్తగా నడపాలని దేవుణ్ణి వేడుకున్నాడు.

పదింపావు. పదిన్నర. ఫోను మోగలేదు.

పదకొండుకి ఆఫీసు బైకు తీసుకుని ల్యాబుకి పోయాడు. గేటు పక్క నీడలో కారు నింపాదిగా నిలబడి ఉంది. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. అతని ఒళ్ళు అంతకంటే వేడిగా ఉంది.

ఆమె ఐస్‌బాక్సు పట్టుకుని గబగబా బయటికొచ్చింది. అతన్ని చూసి ఆగింది.

“మీరేంటి ఇక్కడ?”

“ఇటు పనుండి వచ్చా. ఎక్కడికి?”

“మెయిన్ ల్యాబుకి. వాళ్ళ బండి రాలేదు. పసిబిడ్డ శాంపిలు, పన్నెండులోపు అందాలి. పంతొమ్మిది కిలోమీటర్లు.”

దారిలో వాడు ఎక్కుతాడన్నమాట. “పద, నేనూ వస్తా,” అని బైకు అక్కడే వదిలి పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆమె కారు స్టార్ట్ చేసింది. ఆమె ఫోను కారు స్పీకరుకి దానంతటదే తగులుకుంది. ఒక మగగొంతు నెమ్మదిగా మొదలైంది.

“...తొందరేం లేదన్నా. దూరాన ఎర్రలైటు కనబడిందా, యాక్సిలరేటర్ మీద కాలు అప్పుడే తీసెయ్. బండి తనంతట తను దొర్లుతుంది...”

ఆమె గబుక్కున ఆపబోయింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. “ఉంచు. ఎవడో విందాం.”

“...క్లచ్చేమైనా అత్తగారి కాళ్ళా అన్నా, వదలకుండా పట్టుకోవడానికి? సీటు కొంచెం వెనక్కి జరుపుకో, కాలు దానంతటదే దిగుతుంది. రాలేదని సిగ్గుపడకు. నేనూ ఇలాగే నేర్చుకున్నా.”

ఎవరో బాగా తెలిసిన మనిషే. ఎవరు? మరో రెండు మాటలయ్యాక అతని చెయ్యి సడలింది.

ఆ గొంతు తనదే. డ్రైవర్ల కోసం రికార్డు చేసి పంపిన పాఠాలు.

“నీకెక్కడివి ఇవి?”

“మీ పాత ఫోను నాకిచ్చారుగా. అందులో ఉన్నాయి. మొత్తం నలభై రెండు.” ఆమె కారుని రోడ్డెక్కించింది. “పార్కింగులో రోజుకొకటి వింటా. మర్నాడు చేసి చూస్తా.”

“నన్నడిగితే నేనే చెప్పనా?”

“అడిగా. ఆరేళ్ళ క్రితం. క్లచ్ మీద కాలుందని నడిరోడ్డు మీద నన్ను దింపేసి, మీరే నడుపుకుంటూ వెళ్ళిపోయారు. తర్వాత ప్రతి పెళ్ళిలోనూ నా బండి పుక్కిలిస్తుందని జోకు.” ఆమె గొంతులో కోపం లేదు, అదే అతనికి ఇబ్బందిగా ఉంది. “ఇవి విన్నాక ఆ డ్రైవర్లని తలుచుకుంటే కుళ్ళొచ్చిందండీ నాకు. వాళ్ళతో ఇంత మెత్తగా మాట్లాడతారా మీరు? మా ఇంటాయనేనా అని రెండుసార్లు విన్నా.”

వాడు లేడు. అతని గుండె మీది బండ దిగిపోవాలి. దిగింది కూడా, ఒక నిమిషం పాటు.

ఆ తర్వాత ఆమె నడపడం చూశాడు.

రెండొందల అడుగుల ముందే సిగ్నలు పసిగట్టి కాలు తీసేసింది. కారు దొర్లుకుంటూ వెళ్ళేసరికి లైటు పచ్చబడింది. బ్రేకు అవసరమే రాలేదు. గేర్లు ఎప్పుడు మారుతున్నాయో ఇంజను చప్పుడుకి తెలియడం లేదు. ముందున్న లారీకి దగ్గరగా వెళ్ళి వెనక్కి తగ్గడం లేదు, మొదటి నుంచీ దూరం ఉంచుకుంది. ఎడమకాలు క్లచ్ పక్కన, నేల మీద విశ్రాంతిగా ఉంది. ఒక తప్పు కోసం వెతికాడు. దొరకలేదు. తను చెప్పినవన్నీ చేస్తోంది, తను ఓపిక లేక చేయనివి కూడా చేస్తోంది.

కొత్త మంట మొదలైంది. ఇది పాతదానికంటే ఘాటుగా ఉంది. వాడెవడో ఉండి ఉంటే కాలర్ పట్టుకోవచ్చు. ఈమెని ఏం చేయాలి?

ట్రిప్ మీటరు అరవై తొమ్మిది చూపిస్తోంది. ఇంకా ఎనిమిది కిలోమీటర్లుంది. ట్యాంకులో మిగిలింది గ్లాసున్నర. ఎదురుగా ఎడమవైపు పెట్రోలు బంకు వస్తోంది. ఆ తర్వాత ఫ్లైఓవరు, దాని మీద బంకులుండవు.

“ఎందుకలా అటు చూస్తున్నారు? పోయించాలా?” అడిగింది ఆమె.

ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే ట్యాంకు ఎందుకు తోడించాడో చెప్పాలి. అదొక్కటే కాదు. ఇరవై ఒకటి అబద్ధమని తేలితే బాగుండునని, ఈ కారు ఇప్పుడే దగ్గి ఆగిపోతే బాగుండునని అతని లోపల ఏదో కోరుకుంటోంది.

“ఆదివారమే ఫుల్ చేశాగా,” అన్నాడు.

బంకు వెనక్కి వెళ్ళిపోయింది.

డెబ్బై రెండు. డెబ్బై నాలుగు. ఫ్లైఓవరు ఎక్కడం మొదలైంది. ఆమె పైకెక్కే ముందే వేగం కూడగట్టుకుంది, ఎక్కేటప్పుడు తొక్కలేదు. డెబ్బై ఆరు దాటాక ఇంజను ఒక్కసారి గుక్కపట్టింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ గుక్క. ఆమె వెంటనే ఇండికేటరు వేసి గోడ పక్కకి చేర్చింది. కారు నిలిచిపోయింది. డెబ్బై ఆరు పాయింటు మూడు.

“పెట్రోలు అయిపోయింది,” అంది ఆమె. అతని వైపు తిరిగింది. “ఫుల్ చేశానన్నారు.”

వెనక హారన్లు మోగుతున్నాయి. టైము పదకొండూ నలభై ఐదు. ఆమె ఐస్‌బాక్సుని ఒళ్ళోకి తీసుకుంది. ఇక దాచడానికేం లేదు. అతను అంతా చెప్పాడు. సీటు, వాచ్‌మన్, షెడ్డు, మూడున్నర లీటర్లు.

ఆమె మధ్యలో అడ్డుపడకుండా వింది.

“అంటే, బండి దారిలో ఆగితే నేను మంచిదాన్ని. ల్యాబుకి చేరితే చెడ్డదాన్ని. అంతేనా?”

అతను ట్రిప్ మీటరు మీది అంకె వైపు చూశాడు.

“ఇందాక బంకు దాటేటప్పటికి మీకు నిజం తెలుసు. అప్పుడెందుకు చెప్పలేదు?”

దానికి జవాబుంది. ఆమె అతని మొహంలోనే చదువుకున్నట్టుంది. తల ఆడించి, తలుపు తీసుకుని దిగింది.

“ముల్లు నేను బాగుచేయించుకుంటా. ఇకనుంచి నా బండికి పెట్రోలు నేనే పోయించుకుంటా. మీరు మూత ముట్టుకోవద్దు. సాయంత్రం మా తమ్ముడింటికెళ్తా. ఎప్పుడొస్తానో లెక్క వేయకండి.”

తాళం సీటు మీద పెట్టి, ఐస్‌బాక్సు ఎత్తి పట్టుకుని రోడ్డు వైపు చెయ్యూపింది. ఒక స్కూటరు ఆగింది. హెల్మెట్ పెట్టుకున్న పొడుగాటి మనిషి. ఆమె రెండు మాటలు చెప్పగానే వెనక చోటు చూపించాడు. ఆమె బాక్సుని ఇద్దరి మధ్యా పెట్టుకుని కూర్చుంది.

స్కూటరు ఫ్లైఓవరు వాలు దిగుతోంది. అతను కిటికీలోంచి మెడ బయటికి చాచి చూస్తూనే ఉన్నాడు. ఎవడా మనిషి, అంత చప్పున ఎందుకాగాడు? ఆమె ఏదో అంది, వాడు తల వెనక్కి తిప్పి నవ్వినట్టున్నాడు. దిగుడు కదా, వెధవ, యాక్సిలరేటర్ వదిలేసి దొర్లిస్తున్నాడు. లీటరుకి యాభైకి తక్కువ ఇవ్వదు.

వెనక బస్సు డ్రైవరు కిందకి దిగొచ్చి అద్దం మీద కొట్టాడు. “ఏం సారూ, పెట్రోలు చూసుకోకుండా ఎక్కేశారా? దిగి తొయ్యండి.”

చుక్క సార్ దిగి కారు వెనక భుజం ఆనించాడు.