గుడ్లగూబకు గూడు

ఓదెలు తలుపు అంచును చిత్రిక పట్టి, అరచేత్తో పైనుంచి కిందికి నిమిరాడు. ఒకచోట ఇంకా ఎత్తు తగిలింది. మళ్లీ పట్టాడు. మాదాపూర్‌లో లేస్తున్న ఆ అద్దాల భవనంలోకి కంప్యూటర్ల కంపెనీ రేపోమాపో దిగుతుందని మేస్త్రీ తొందరపెడుతున్నాడు. ఓదెలు చెయ్యి మాత్రం తన వేగం మార్చుకోలేదు. బిగించాక వేలితో తోస్తే, తలుపు చప్పుడు లేకుండా వెళ్లి ద్వారబంధంలో కూర్చుంది.

"జర పనుంది. ఇయ్యాల సగం పూటనే," అని చెప్పి, గుడ్డలో చుట్టిన చెక్కపళ్లేన్ని సైకిల్ వెనక కట్టుకున్నాడు.

పొడుగ్గా, కొంచెం వంగిన మనిషి. కనుబొమల్లో ఎప్పుడూ రంపపు పొట్టు. వయసులో ఉండగా పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చి, ఎందరి ఇళ్లకో తలుపులు చేశాడు. గృహప్రవేశానికి ముందే పనిముట్లు సర్దుకునేవాడు. తాను బిగించిన తలుపులోంచి మళ్లీ లోపలికి వెళ్లింది లేదు.

భ్రమరాంబ గారి ఇల్లు గోపన్‌పల్లి తోవలో ఉంది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆవిడ, ఒంటికి బంగారం చేయించుకోకుండా పాత గ్రీకు వెండి నాణేలు కొనుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు షుగరు ఆమె చూపును తినేస్తోంది. వచ్చే ఏటికి ఏమీ కనబడదన్నారు డాక్టర్లు. కనబడని నాణేలెందుకు, అమ్మెయ్యమని చుట్టాల పోరు. కిటికీ బాగుచేయడానికి వచ్చిన ఓదెలును ఆమె అడిగింది, వేళ్లతో తడిమితేనే దేని చోటు దానికి దొరికేలా ఒక పళ్లెం చేయగలరా అని.

చేత్తో కొట్టిన ఆ నాణేల్లో ఒక్కటీ సరిగ్గా గుండ్రంగా లేదు. ఒకటి పక్కకు సాగింది, ఒకదాని అంచు పగిలింది. ఒక్కోదాన్నీ కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసుకుపోయాడు ఓదెలు. ఆ గీతల ప్రకారం టేకుచెక్కలో గుంటలు తొలిచాడు.

ఈరోజు పళ్లెం ఆమె ఒళ్లో పెట్టాడు. భ్రమరాంబ కళ్లు మూసుకుంది. గిన్నెలో కలిపిన నాణేల్లోంచి ఒకటి తీసింది. దాని మీద రెక్కల గుర్రం. అంచు తడిమి, గుంటలు తడిమి, జారవిడిచింది. అది ఒదిగిపోయింది. సింహం తోలు కప్పుకున్న వీరుడూ తన చోటు చేరాడు. చివరికి రెండు గుడ్లగూబలు మిగిలాయి, కవలల్లా. మొదటిది గుంటలో పెడితే గలగలమంది. ఓదెలు ముందుకు వంగాడు. ఆమె దాన్ని తీసి పక్క గుంటలో పెట్టింది. ఈసారి కదల్లేదు.

"మరి తీయడమెలాగండీ?"

"ఒక దిక్కు ఒత్తుండ్రి అమ్మా. అడుగున జర వాలు పెట్టిన."

ఒత్తింది. రెండో అంచు లేచి వేలికి అందింది. చిన్నపిల్లలా మళ్లీ మళ్లీ ఒత్తి చూసుకుంది.

"ఇంక వీటిని అమ్మనండీ," అంది కళ్లు తెరవకుండానే. "ముందు మీరా కుర్చీలో కూర్చోండి. కాఫీ తాగి వెళ్లాలి. అలసిపోయినట్టుంది మీ గొంతు."

ఓదెలు కుర్చీ అంచున కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి ఆనుకున్నాడు.

"పైస మీద గుడ్లగూబ ఏందమ్మా? మా దిక్కు ఇంటి మీద వాలితే ఇల్లే ఖాళీ చేస్తరు."

"ఆ గ్రీకుల ఊళ్లో అది చదువులతల్లి పక్షండీ. కనిపిస్తే మంచిదనుకునేవారు."

"అట్లనా," అని నవ్వాడు.

తానుండే మియాపూర్ దాకా తొక్కలేక, ఎత్తు వచ్చినచోటల్లా సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాడు. కిరాయి గది గడప మీద కూర్చుని భార్యను చాయ పెట్టమన్నాడు.

"అమ్మకు పళ్లెం కుదిరింది," అన్నాడు.

"కుదరక ఏడికి పోతది," అంది లక్ష్మమ్మ లోపల్నుంచి.

ఆమె గ్లాసు పట్టుకొచ్చేసరికి తల తలుపుకు ఆన్చి ఉన్నాడు. "సల్లారుతది, తాగు," అని భుజం మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత గ్లాసు నేలమీద పెట్టింది.

ఓదెలు దినాలయ్యాక మంచం కింద ఊడుస్తుంటే లక్ష్మమ్మకు ఒక చెక్క దొరికింది. దాన్నిండా గుంటలే. ఒకటి లోతెక్కువైంది, ఒకటి అంచు చీలింది, కొన్నింటికి వాలు కుదరలేదు. అవి దేనికో ఆమెకు తెలియదు, పారేయబుద్ధి కాలేదు. దేవుడి పటం కింద పెట్టుకుంది. ఒక గుంటలో పసుపు, ఒక గుంటలో కర్పూరం బిళ్ల, మిగతావన్నీ ఖాళీగా, నున్నగా.