సంచి ఖాళీ అయిన రోజు

ఒరేయ్ సత్యప్రసాదూ, కంగారూ సంచిలో చెయ్యి పెడితే వేరుశనక్కాయలు దొరుకుతాయనుకునే మొహం నీది. నోరు మూసుకుని విను. ఇందులో వెర్రివాడెవడో చివర్లో నువ్వే చెబుదువుగాని.

బహ్రెయిన్‌లో, రిఫా ఊరి శివార్లలో కఫీల్ తోట. కఫీల్ అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు యజమాని; ఈయనకి కంగారూలు పెంచే సరదా. పొద్దున్నే మంగరాజు ఆడ కంగారూ ముందు గడ్డి విదిలిస్తున్నాడు. నలభై దాటిన మనిషి. ఎండకు వెన్ను నల్లబడి, మెడ మీద చెమట ఆరిన ఉప్పుచారలు. అమలాపురం పక్కన గేదెలు కాసిన చేతులవి. ఈ కంచెలోకి వచ్చి మూడేళ్ళు దాటింది. అతను విమానం ఎక్కాక పుట్టిన కూతురు ఇప్పుడు ఫోనులో "నువ్వెవరు?" అని అడుగుతోంది.

సెలవు అడిగినప్పుడల్లా కఫీల్‌ది ఒకటే మాట: "సంచి ఖాళీ అయ్యాక పో." ఊరికే అనలేదు. ఒకసారి మంగరాజు జ్వరంతో పడుకుంటే కొత్త పనివాడు ఆ కంగారూను తరిమాడు. బెదిరిన తల్లికి సంచి మూతి వదులైపోతుంది. బొచ్చయినా మొలవని పిల్ల జారి, ఇసుకలో పడి చచ్చింది. ఆనాటి నుంచి కఫీల్ మరో మనిషిని నమ్మలేదు. ఆ సంచేమో ఖాళీ కాదు. ఒకటి దిగిందనుకుంటే ఇంకొకటి.

గత వేసవిలో మంగరాజు ఓ ఎత్తు వేశాడు. మగ కంగారూ తోక మీద ఆనుకుని రెండు కాళ్ళతో తన్నిందని, ఒకరోజు కుడికాలు, ఒకరోజు ఎడమకాలు కుంటాడు. కఫీల్ దాన్ని సముద్రం మీది వంతెన దాటించి సౌదీలో స్నేహితుడి తోటకు పంపేశాడు. మగదే లేకపోతే ఇక పిల్లెక్కడిది?

నిన్న తల్లి, ఎదిగిన పిల్లను సంచిలో తల పెట్టనివ్వక తోసేసింది. వెంటనే కఫీల్ టికెట్ తెప్పించాడు. ఈ మధ్యాహ్నమే ప్రయాణం.

గడ్డి ముట్టకుండా తల్లి కూలబడింది. తోకను కాళ్ళ మధ్యనుంచి ముందుకు లాక్కుని, సంచిలో మూతి పెట్టి నాకింది. కాసేపటికి బొచ్చులో ఏదో కదిలింది. ఒలిచిన రొయ్యపిల్లంత, ఎర్రగా. కళ్ళయినా తెరవలేదు. ముందరి చేతులతో బొచ్చు పట్టుకుని పాకుతూ, తల్లి సాయం లేకుండానే సంచిలోకి దిగిపోయింది.

మంగరాజు బకెట్టును ఒక్క తన్ను తన్నాడు.

"ఓసి నీ దుంపతెగ! మొగుణ్ణి సముద్రం దాటించాను గదే! ఇదెక్కణ్ణుంచొచ్చిందే? పుట్టింటోళ్ళు పంపారా?"

నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. చెబితే టికెట్ పోతుంది. చెప్పకపోతే? ఇంతటి పిల్లకు నోట్లో చన్ను ఉబ్బి గుండీలా పట్టేసుకుంటుంది. తరిమినా ఇప్పట్లో రాలదు. రాలే వయసొచ్చేలోగా తను తిరిగి రాడూ?

కఫీల్ కంచె అవతలే నిలబడి అడిగాడు. "ఖలాస్? సంచి ఖాళీయేనా?"

మంగరాజు తల్లికి అడ్డంగా నిలబడ్డాడు. "ఖలాస్, బాబా."

"యల్లా. పో."

అరాద్ మలుపులో విమానాశ్రయం కనబడేసరికి ఇక ఆగలేకపోయాడు. కారు నడుపుతున్నది కఫీల్ డ్రైవరు, కరీంనగర్ యూనుస్.

"అబద్ధవాడేశాను భాయ్. సంచిలో ఇంకోటుంది. పాపం కఫీల్ని మోసం చేసేశాను."

యూనుస్ పగలబడి నవ్వాడు. "నువ్వా? మగదాన్ని పంపిననాడే పశువుల డాక్టర్ చెప్పిండు భాయ్. దాని కడుపుల ఇంకో పిండం నిద్రవోతున్నదట. సంచి ఖాళీ అయితెనే లేస్తదట. కఫీల్ నాతోని ఒట్టు వెట్టించుకున్నడు, 'మంగరాజుకు చెప్పకు, తెలిస్తే ఈ పిచ్చోడు బిడ్డ మొహం చూడనే పోడు' అని."

మంగరాజు డాష్‌బోర్డు మీద ఒక్క గుద్దు గుద్దాడు.

"మరి ఆ 'పో' అన్న మాట మూడేళ్ళ కితం సెప్పొచ్చుగా, దొంగసచ్చినోడు!"

తోటలో కంచె పక్కన అతని రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి. ఒకదానిలో చిక్కిన గడ్డిపోచను తల్లి కంగారూ మెల్లగా లాగి నములుతోంది.