బొడ్డేడ వారి గుల్ల

ఔటర్ హార్బరు తవ్వుతున్న రోజుల్లో, డ్రెడ్జరు తోడిపోసిన బురదలో చలమయ్యకి ఆ గుల్ల దొరికింది. కాలేజీ జువాలజీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం అతనిది, నోట్లో నాలుక లేని మనిషి. పుస్తకాలన్నీ తిరగేశాడు. అలాంటి గుల్లకి ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదు!

పరుగున ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పాడు.

"మార్సియా, ఫుల్వియా, జూలియా... ఇయ్యన్నీ గుల్లల లాటిన్ పేర్లు తాయారూ. ఒకప్పుడు రోములో పెద్దింటోళ్ళ పేర్లు కూడా ఇయ్యే. ఆ వంశాలు ఏనాడో పోయాయి. పేర్లు మాత్రం సముద్రంలో బతికున్నాయి."

తాయారు చేస్తున్న పని ఆపేసింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వాళ్ళకి పిల్లల్లేరు. చలమయ్యతో బొడ్డేడ వారి ఇంటిపేరు ఆఖరు.

"అయితే దీనికి మన ఇంటిపేరెట్టీండి!" అంది.

అక్కడే వచ్చింది చిక్కు. వ్యాసం రాసి కొత్త ప్రాణికి పేరు పెట్టేవాడు తన పేరు తానే పెట్టుకుంటే ఆ శాస్త్రంలో పరువు తక్కువ.

"కన్నోడు తన ఇంటిపేరెట్టుకోకూడదా? ఇదేటి సోద్యం!" అని బుగ్గలు నొక్కుకుంది తాయారు.

డిపార్ట్‌మెంటు హెడ్డు అచ్యుతరామయ్యగారు చలమయ్య భుజం తట్టారు. "వ్యాసం నా పేరుతో వేద్దామయ్యా. నేనైతే మీ ఇంటిపేరు పెట్టొచ్చుగా!"

ఇంకేం, గుల్లా, గీసిన బొమ్మలూ, రాసుకున్నదంతా ఆయన చేతుల్లో పోసి, పైగా దండం పెట్టి వచ్చాడు. వెర్రిబాగులవాడు!

వ్యాసం అచ్చయి వచ్చిన రోజు స్టాఫ్‌రూములో లడ్డూలు పంచారు. గుల్లకి పెట్టింది హెడ్డుగారి మనవడి పేరు! అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే.

"సార్... మా ఇంటిపేరన్నారు కదండీ" అన్నాడు చలమయ్య.

"అనుకున్నానయ్యా. కానీ నీ తర్వాత అది మాదని చెప్పుకోడానికి ఎవరున్నారు చెప్పు?" అన్నారాయన, లడ్డూ అందిస్తూ.

చలమయ్యకి ఆ లడ్డూ ఆయన మొహాన కొట్టాలనిపించింది. తీరా నోటికొచ్చింది "బాబు చల్లగా ఉండాలండి" అని. ఛీ, ఏం బతుకు!

ఇంటికొచ్చేసరికి తాయారు గుమ్మంలోనే ఉంది. "పేరెట్టీసారా?"

నిజం చెప్పేద్దామనే వచ్చాడు. ఆమె మొహం చూసి, "ఎట్టీసారు" అన్నాడు. ఎవరిదో చెప్పలేదు.

తాయారు భోరుమని ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. చలమయ్య చెయ్యి పట్టుకునేలోపే, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తి ఎదురింటి పైడితల్లి తలుపు బాదింది.

"ఒలే పైడితల్లీ! మా ఇంటిపేరు నిలబడిందే! ఇంక నన్ను గొడ్రాలని ఎవులంటారో అనమను, సూత్తాను!"