పన్నెండో బోరు

బోరుబండి రాఘవేంద్ర ఆఫీసులో కొత్త కంప్యూటరు పెట్టినారనీ, నీళ్లు యాడుండాయో అది చెప్తాండాదనీ కంబదూరు సంతలో ఎవరో అన్నారట. ఆ మాట పక్కింటి నల్లమ్మ మోసుకొచ్చింది. మరునాడే తిప్పేస్వామి కళ్యాణదుర్గం బస్సెక్కాడు. అతని చీనీతోటలో బత్తాయిచెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి. రెండు వారాల్లో నీళ్లు పడకపోతే అవి కట్టెలే.

ఆఫీసులో కుర్చీ చూపించినా కూర్చోలేకపోయాడు. "నా చేన్లో నీళ్లు యాడుండాయో చూడు పాపా."

కంప్యూటరు ముందున్న హేమావతి కంప్యూటరు సెంటర్లో లెక్కలు దాచే ఫాక్స్‌ప్రో నేర్చుకున్న పిల్ల. "ఇది నీళ్లు చూపించదన్నా. ఆరేండ్లుగా మా బండి ఏసిన బోర్లన్నీ నోటుపుస్తకాల్లో నుంచి దీంట్లోకి ఎక్కించినా. నీ సర్వే నంబరు చెప్పు."

చెప్పాడు. ఆమె మీటలు నొక్కింది.

"నీ చేను చుట్టూ పదకొండు బోర్లు. చుక్క నీళ్లు పడలే, అన్నీ దుమ్మే. పన్నెండోది నీదే, పోయిన ఎండాకాలంలో ఏసింది. అదీ దుమ్మే."

అప్పుడే లోపలి నుంచి వచ్చిన రాఘవేంద్ర నవ్వాడు. "ఏమప్పా తిప్పన్నా, ఈ తూరి ఇంకో మూల ఏద్దాం. నీళ్లు చూసే లింగప్పను పిలిపిస్తా. ఆయప్ప అరచేతిలో టెంకాయ లేచి నిలబడితే నీళ్లు ఖాయం."

"పాయింటు ఎవరు పెట్టిందీ దీంట్లో ఉండాది సార్," అంది హేమావతి. "పన్నెండూ లింగప్పే."

రాఘవేంద్ర ఆమెను గుడ్లురిమి చూశాడు. తిప్పేస్వామి తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"పదకొండు దుమ్మని నీ పుస్తకంలో ముందే ఉండె గదన్నా. పన్నెండోది నా చేన్లో యెట్ల ఏసినావు?"